మంచివారికి కష్టాలెందుకు? యూదుల సమాధానాల్లో ఏది ఎవరికి, ఏ సమయంలో

నీతిగా బతికిన మనిషి మంచాన పడడం, పదిమందిని ముంచినవాడు మనవళ్లను ఎత్తుకుని ఆరోగ్యంగా తిరగడం చూసినప్పుడు కలిగే ప్రశ్నను హీబ్రూలో ‘సద్దీక్ వెరా లో’ అంటారు. ‘నీతిమంతుడే, అయినా అతనికి కీడే’ అని దాని అర్థం. ఈ ప్రశ్నను మోషే స్వయంగా దేవుణ్ణి అడిగాడని, రబ్బీల (యూదు మతగురువుల) చర్చలను కూర్చిన ప్రాచీన గ్రంథం తల్ముద్ చెబుతుంది. ఆయనకు జవాబు దొరికిందని అక్కడ ఒక రబ్బీ అంటే, దొరకలేదని రబ్బీ మేయిర్ అంటాడు. రెండు అభిప్రాయాలూ ఒకే పుటలో పక్కపక్కనే ఉన్నాయి.

తెలుగువారిలో చాలామందికి ఈ విషయం యోబు కథ ద్వారానే పరిచయం. క్రైస్తవుల భూస్థాపన కార్యక్రమాలకు వెళ్లినవారు ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను’ అన్న మాట వినే ఉంటారు. అయితే అది 42 అధ్యాయాల గ్రంథంలో మొదటి అధ్యాయంలోని మాట. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు; ఆ తర్వాత దేవుడితో వ్యాజ్యమాడాలని ఉందంటాడు, ఓదార్చడానికి వచ్చిన మిత్రులను పనికిరాని వైద్యులంటాడు. ఓర్పుకు పేరుపడ్డ యోబు, ఓర్పు నశించిన యోబు ఒకే పుస్తకంలో ఉన్నారన్నది గమనిస్తే, యూదు సంప్రదాయంలో ఈ ప్రశ్నకు ఒకే ఒక అధికారిక జవాబు ఎందుకు లేదో సగం అర్థమవుతుంది.

జవాబులు మాత్రం చాలానే ఉన్నాయి. వాటిని పోల్చడానికి రెండు కొలతలు పనికొస్తాయి. మొదటిది తర్కానికి సంబంధించినది. అమెరికన్ రబ్బీ హెరల్డ్ కుష్నర్ యోబు కథను మూడు వాక్యాలుగా విడగొట్టి చూపించాడు: దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు న్యాయవంతుడు, యోబు మంచివాడు. మూడింటినీ ఒకేసారి పట్టుకోవడం కష్టం, కనుక ప్రతి సమాధానమూ వీటిలో ఏదో ఒకదాన్ని వదులుకుంటుంది లేదా సడలిస్తుంది. ఏది వదులుకుంటోందో చూస్తే దాని ఖరీదు తెలుస్తుంది. రెండో కొలత అంతకంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం: ఆ మాటను ఎవరు ఎవరితో అనవచ్చు? మనిషి తనకు తాను చెప్పుకోదగిన మాట ఎదుటివాడికి చెప్పదగిన మాట కాకపోవచ్చు. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన సంగతి కాదు, యూదు ధర్మశాస్త్రం దీన్ని నియమంగానే పెట్టింది.

పాపానికి ఫలితం అనే సమాధానం

అన్నిటికంటే పాతది, అందరికీ ముందుగా తోచేది ఇదే. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం ఆజ్ఞలను పాటిస్తే కలిగే దీవెనలను, తప్పితే తగిలే శాపాలను వరుసగా చెబుతుంది. యోబు మిత్రులైన ఎలీఫజు, బిల్దదు, జోఫరు పట్టుకున్నది ఈ సూత్రాన్నే: కష్టం వచ్చిందంటే తప్పు ఉండే ఉంటుంది, ఒప్పుకుంటే తీరిపోతుంది. అంటే మూడు వాక్యాల్లో ‘యోబు మంచివాడు’ అన్నదాన్ని వారు వదిలేశారు. తల్ముద్ కాలంలో రబ్బీ అమ్మీ దీన్ని ఇంకా బిగించి, పాపం లేనిదే మరణం లేదు, దోషం లేనిదే బాధ లేదు అన్నాడు. ఆ మాట మీద పెద్ద చర్చ జరిగి, చివరకు అది నిలబడదని అక్కడే తేల్చారు. తల్ముద్‌లో ఎన్నో చర్చలు తేలకుండానే ఆగిపోతాయి కనుక, ఇది తేలడం చిన్న విషయం కాదు.

అలాగని ఈ సమాధానాన్ని పూర్తిగా పారేయనూ లేదు. తల్ముద్‌లో బెరాఖోత్ అనే భాగంలో ఒక సలహా ఉంది: తన మీదికి బాధలు రావడం చూసిన మనిషి తన పనులను పరీక్షించుకోవాలి. పరీక్షించుకున్నా ఏమీ కనబడకపోతే, తోరా (మోషే ధర్మశాస్త్రం) అధ్యయనాన్ని నిర్లక్ష్యం చేశానేమో చూసుకోవాలి. అదీ కాకపోతే అవి వేరే రకం బాధలని తెలుసుకోవాలి. ఇందులో రెండు సంగతులు గమనించదగ్గవి. పరీక్షించుకోవలసింది బాధపడుతున్న మనిషే, అతని పక్కింటివారు కాదు. పైగా ఆ వెతుకులాటకు ఒక అంతు ఉంది. దొరకనప్పుడు ఆపేయమనే చెబుతుంది తప్ప దొరికేదాకా తవ్వమనదు.

ఎదుటివారి విషయానికొస్తే నియమం ఇంకా స్పష్టం. మాటలతో చేసే అన్యాయాలను బావా మెట్సియా అనే భాగం ఒకచోట చేర్చింది. కొనే ఉద్దేశం లేకుండా కొట్టువాడిని ‘ఇదెంత?’ అని అడగడం అందులో ఒకటి. రోగంతో ఉన్నవాడితో గాని, బిడ్డలను పాతిపెట్టినవాడితో గాని, యోబు మిత్రులు యోబుతో మాట్లాడినట్టు మాట్లాడడం ఇంకొకటి. ‘నిరపరాధి ఎప్పుడైనా నశించాడా?’ అన్న ఎలీఫజు మాటనే అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. పవిత్ర గ్రంథంలోనే ఉన్న వాక్యాన్ని, సిద్ధాంతపరంగా తప్పని అనకుండానే, మంచం పక్కన పలకడాన్ని నేరం చేశారన్నమాట. గ్రంథం చివర దేవుడు కూడా ఆ మిత్రుల మీదే కోపగిస్తాడు. తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు యోబే అంటాడు.

సమాజం మొత్తానికి ఆపద వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. కరువో తెగులో వస్తే ఊరంతా ఉపవాసముండి తమ నడతను పరీక్షించుకోవాలని, ‘ఇది లోకసహజం, ఏదో అలా జరిగింది’ అని వదిలేయడం క్రూరత్వమని 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ తన ధర్మసంహితలో రాశాడు. ఇక్కడ కూడా మాట ‘మనం’ అనే వస్తుంది, ‘వాళ్లు’ అని రాదు. ఈ గీత చెరిగిపోయినప్పుడు ఏమవుతుందో హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండ) తర్వాత కనబడింది. అరవై లక్షల మంది హత్యకు యూదుల్లోని ఫలానా వర్గం పాపమే కారణమని వేలెత్తి చూపినవారు యూదుల్లోనే కొందరున్నారు. ఆ వాదాన్ని దైవదూషణగా భావించినవారు అంతకంటే చాలా ఎక్కువ. నా మటుకు నేను, తప్పు ఎవరిదో చెప్పే మనిషి ఆ తప్పు చేసినవారిలో తనను లెక్కించుకోనప్పుడు ఆ వాదనను అక్కడే ఆపేసి ముందుకు వెళతాను.

నిచ్చెన, పక్షిగూడు, రాబోయే లోకం

తోరాలో ‘దీర్ఘాయువు కలుగుతుంది’ అని స్పష్టంగా వాగ్దానం చేసిన ఆజ్ఞల్లో రెండు ఇవి: తల్లిదండ్రులను గౌరవించడం, గూటిలోంచి పిల్లలను తీసుకునేటప్పుడు తల్లి పక్షిని వదిలిపెట్టడం. తల్ముద్ ఒక కుర్రవాడి కథ చెబుతుంది. తండ్రి చెప్పాడని ఆ పిల్లవాడు ఎత్తైన కట్టడం ఎక్కి, తల్లి పక్షిని వదిలిపెట్టి, పిల్లలను తీసుకుని దిగుతూ కింద పడి చనిపోయాడు. రెండు ఆజ్ఞలనూ ఒకేసారి పాటిస్తున్న క్షణంలోనే ఇది జరిగింది. ఇలాంటిది చూసే ఎలీషా బెన్ అబూయా అనే గొప్ప పండితుడు విశ్వాసం కోల్పోయాడని, ఆ తర్వాత అతన్ని పేరు పెట్టి పిలవక ‘వేరేవాడు’ అన్నారని అక్కడే ఉంది.

అతని కూతురి కొడుకు రబ్బీ యాకోవ్ వాగ్దానాన్ని మరోలా చదివాడు: ఆజ్ఞకు ప్రతిఫలం ఈ లోకంలో లేదు, ‘దీర్ఘం’ అంటే అంతులేకుండా సాగే రాబోయే లోకం. ఈ సమాధానం దేవుడి శక్తినీ న్యాయాన్నీ పిల్లవాడి మంచితనాన్నీ మూడింటినీ కాపాడుతుంది. లెక్క తేల్చే రోజును మాత్రం మన కంటికి ఆనని చోటికి జరుపుతుంది. అదే దాని బలం, అదే దాని బలహీనత. ఈ లోకంలో అన్యాయాన్ని సరిచేయవలసిన అవసరాన్ని అది సడలించే ప్రమాదం లేకపోలేదు.

అయితే అదే చర్చలో అంతగా ఎవరి దృష్టికీ రాని మాట ఒకటుంది. ఆజ్ఞ పాటించేవారికి హాని జరగదని అన్నారు కదా అని ఎవరో అడిగితే, ‘ఆ నిచ్చెన పుచ్చిపోయింది’ అని జవాబు వస్తుంది. ప్రమాదం కళ్లెదుట ఉన్నచోట అద్భుతం మీద ఆధారపడకూడదట. రాబోయే లోకం గురించిన అంత పెద్ద చర్చ మధ్యలో ఎవరో వంగి నిచ్చెన మెట్లను పరిశీలించినట్టుంటుంది. నాకు ఆ పుటలో అన్నిటికంటే నచ్చిన మాట ఇదే.

ప్రేమతో వచ్చే బాధలు

పైన చెప్పిన బెరాఖోత్ సలహాలో ‘వేరే రకం బాధలు’ అన్నవాటిని ‘యిస్సురీన్ షెల్ అహవా’ అంటారు. దేవుడు తనకు ఇష్టమైనవారికి పంపే బాధలని అర్థం. బంగారాన్ని పుటం పెట్టినట్టు అన్న మాట మనకూ అలవాటైనదే. ఈ సమాధానం బాధపడేవాడి మీద నేరం మోపదు, పైగా అతనికి గౌరవం ఇస్తుంది. ఇన్ని మంచి గుణాలున్నాయి కదా అని దీన్ని ఎంచుకోబోయేవారు పుట తిప్పి తర్వాతి కథలు చదవడం మంచిది.

రబ్బీ హియ్యా బార్ అబ్బా జబ్బు పడితే రబ్బీ యోహానాన్ చూడడానికి వెళ్లి, ‘నీ బాధలు నీకు ప్రియమైనవేనా?’ అని అడిగాడు. ‘అవీ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దు’ అన్నాడు రోగి. ‘నీ చెయ్యి ఇటివ్వు’ అన్నాడు యోహానాన్. అతను చెయ్యి ఇచ్చాడు, యోహానాన్ లేవనెత్తాడు. కొంతకాలానికి యోహానానే జబ్బు పడితే రబ్బీ హనీనా వచ్చి అదే ప్రశ్న వేశాడు, అదే జవాబు విన్నాడు, అదే విధంగా లేపాడు. ఇతరులను లేపగలిగినవాడు తనను తాను ఎందుకు లేపుకోలేకపోయాడని తల్ముద్ అడిగి, ‘ఖైదీ తనను తాను చెరనుంచి విడిపించుకోలేడు’ అంటుంది.

మూడో కథ ఇంకా లోతైనది. రబ్బీ ఎలాజార్ చీకటి గదిలో పడుకుని ఉన్నాడు. అందగాడైన యోహానాన్ తన చేతి మీది వస్త్రం తొలగిస్తే గదిలో వెలుగు పడింది, ఎలాజార్ ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది. ‘తోరా చాలినంత చదవలేకపోయావనా? డబ్బు లేదనా? పిల్లలు లేరనా? ఇదిగో, ఇది నా పదో కొడుకు ఎముక’ అంటాడు యోహానాన్. పదిమంది కొడుకులను పోగొట్టుకుని చివరివాడి ఎముకను వెంట ఉంచుకున్న మనిషి ఆయన. ‘ఇంత అందమూ మట్టిలో కుళ్లిపోతుంది కదా, అందుకు’ అన్నాడు ఎలాజార్. ‘దానికైతే ఏడవవలసిందే’ అని ఇద్దరూ కలిసి ఏడ్చారు. బాధలు ప్రియమైనవా అన్న ప్రశ్న ఆ ఏడుపు తర్వాతే వస్తుంది.

సిద్ధాంతాన్ని ఎంతో గౌరవంగా వివరించిన గ్రంథమే దాన్ని అనుభవించవలసిన ముగ్గురు పండితుల చేతా వరుసగా వద్దనిపించడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. మైమొనిడీస్ కూడా పాపం లేకుండా ప్రతిఫలం పెంచడానికి బాధలు వస్తాయన్న భావన కొందరు పండితుల మాటల్లో ఉందే గాని తోరా పాఠంలో లేదని తేల్చాడు. కనుక దీన్ని ఎంచుకునే హక్కు బాధపడుతున్నవాడిదే. అతను తనంతట తాను ‘ఇది నన్ను మంచివాణ్ణి చేసింది’ అంటే తలవంచి వినవచ్చు. మనం మాత్రం అడగవలసింది అతని చెయ్యి.

గిల్గుల్: మనకు దగ్గరగా తోచేది, జాగ్రత్తగా వాడవలసినది

తెలుగు పాఠకుడికి వెంటనే ఒంటబట్టే సమాధానం గిల్గుల్, అంటే ఆత్మ మళ్లీ పుట్టడం. ఇది బైబిల్లోనూ తల్ముద్‌లోనూ స్పష్టంగా కనబడదు. మధ్యయుగపు యూదు మార్మిక సంప్రదాయమైన కబ్బాలాతో వచ్చింది. 10వ శతాబ్దంలో సాదియా గావోన్ పునర్జన్మను నమ్మేవారిని గట్టిగా ఖండించాడు. 13వ శతాబ్దంలో నహ్మనిడీస్ మాత్రం యోబు బాధకు ఇదే రహస్య కారణమని సూచించాడు. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫెద్ పట్టణంలో ఇసాక్ లూరియా శిష్యులు దీన్ని విస్తారమైన శాస్త్రంగా మలిచారు. అక్కడ ఆత్మ తిరిగి రావడం చాలాసార్లు శిక్షకు కాదు. మిగిలిపోయిన ఆజ్ఞను పూర్తిచేయడానికి, విరిగిన లోకాన్ని సరిదిద్దడానికి. మన కర్మ సిద్ధాంతంతో పోలిక ఉన్నా ఈ తేడాను మరచిపోకూడదు. యూదులందరూ దీన్ని నమ్మాలన్న నియమమూ లేదు.

మా బంధువుల ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రవాడు రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ ఆ తల్లి చెయ్యి పట్టుకుని ‘ఏ జన్మలో ఏం చేసుకున్నామో తల్లీ’ అన్నారు. ఆవిడ ఓదార్చాలనే అన్నారు, ‘మనం’ అనే అన్నారు. ఆ తల్లి మాత్రం చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. గిల్గుల్ అయినా కర్మ అయినా, పసిపిల్లల మరణం వంటి చోట అది తార్కికంగా ఖాళీని పూరిస్తుంది గాని, ఎవరికీ గుర్తులేని నేరాన్ని మోపుతుంది. బావా మెట్సియా నియమం దీనికీ వర్తిస్తుంది.

ప్రకృతి తన దారిన పోతుంది: మైమొనిడీస్, కుష్నర్

దొంగిలించిన గోధుమలను ఎవడో నాటాడనుకోండి. న్యాయంగా అవి మొలకెత్తకూడదు. కాని ‘లోకం తన పద్ధతిలో తాను నడుస్తుంది’ అంటుంది తల్ముద్. ఈ మాటను తత్త్వంగా పెంచినవాడు మైమొనిడీస్ (1138–1204). అయోమయంలో ఉన్నవారికి దారి చూపడానికి అరబిక్‌లో రాసిన తన గ్రంథంలో కీడును మూడు రకాలుగా విభజించాడు. శరీరం పదార్థంతో చేసినది కనుక రోగం, వైకల్యం, భూకంపం వంటివి తప్పవు. ఇవి మొదటి రకం, నిజానికి అరుదు. మనుషులు ఒకరికొకరు చేసుకునేవి రెండో రకం, ఇవి కొంచెం ఎక్కువ. మనిషి తిండితో, ఆశతో, అలవాట్లతో తన మీదికి తానే తెచ్చుకునేవి మూడో రకం, అన్నిటికంటే ఎక్కువ ఇవే. లోకమంతా తన ఒక్కడి కోసమే ఉందనుకునేవాడే తన కష్టాన్ని చూసి సృష్టి మొత్తం చెడ్డదంటాడని ఆయన విసుక్కున్నాడు. యోబు గురించి ఆయన చేసిన వ్యాఖ్య కూడా కఠినంగానే ఉంటుంది: యోబును నీతిమంతుడన్నారు గాని జ్ఞాని అనలేదట.

ఇంత నిబ్బరంగా రాసిన మనిషి జీవితంలో ఏం జరిగిందో చూస్తే ఈ పుటలు వేరేగా వినబడతాయి. ఆయన తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారి. అన్న చదువుకుంటుంటే కుటుంబాన్ని అతనే పోషించేవాడు. భారతదేశానికి సరుకు కోసం బయలుదేరి హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ వార్త విన్న తర్వాత తాను దాదాపు ఏడాది పాటు జ్వరంతో మంచం పట్టానని, ఏళ్లు గడిచినా ఓదార్పు దొరకలేదని, తమ్ముడి చేతిరాత కనబడినప్పుడల్లా గుండె తలకిందులవుతుందని మైమొనిడీస్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. సముద్రంలో ఓడ మునగడం ఆయన వర్గీకరణలో మొదటి రకం కీడు. వర్గీకరణ సరైనదే కావచ్చు, అయినా అది ఆయన్ను మంచం మీంచి లేపలేదు.

కుష్నర్ ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. మసాచుసెట్స్‌లో రబ్బీగా పనిచేసిన ఆయన కుమారుడికి మూడేళ్ల వయసులో ప్రొజీరియా అనే జబ్బు ఉందని తేలింది. పిల్లలు పసితనంలోనే ముసలివారైపోయే అరుదైన వ్యాధి అది. 1977లో, 14 ఏళ్లు నిండిన రెండు రోజులకు ఆ అబ్బాయి మరణించాడు. 1981లో వెలువడిన తన పుస్తకంలో కుష్నర్ మూడు వాక్యాల్లో మొదటిదాన్ని వదులుకున్నాడు: దేవుడు మంచివాడే, కాని ప్రకృతి నియమాలనూ మనిషి స్వేచ్ఛనూ ఆపగలిగినవాడు కాడు, బాధను ఆయన పంపడు, భరించే బలాన్నీ పక్కన నిలిచే మనుషులనూ ఇస్తాడు.

ఈ ఇద్దరిలో ఎవరిని ఎంచుకోవాలి? తర్కంలో గట్టితనం, దేవుడి ఏకత్వాన్ని తగ్గించకపోవడం కావాలనుకునేవారికి మైమొనిడీస్ సరిపోతాడు. అయితే ఆయన దేవుడు రోగి పక్కన కూర్చునే దేవుడు కాడు, జ్ఞానం ద్వారా మనిషే ఆయన దగ్గరికి ఎక్కాలి. నిజంగా రోగి పక్కన ఉన్నవారికి, ‘ఇది నీ తప్పు కాదు’ అన్న ఒక్క మాట కోసం తపించేవారికి కుష్నర్ దగ్గరవుతాడు. దేవుడి శక్తికి హద్దు గీస్తే ఇక ప్రార్థన దేనికని ఆర్థొడాక్స్ రబ్బీలు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. యోబు గ్రంథం 38వ అధ్యాయం నుంచి సుడిగాలిలోంచి మాట్లాడే దేవుడు కూడా తన అశక్తతను ఒప్పుకున్నట్టు నాకు తోచదు. మనిషే లేని ఎడారి మీద వాన కురిపించడం గురించి, కొండమేకలు ఈనే వేళ గురించి అడుగుతాడు, యోబు అడిగినదానికి మాత్రం జవాబివ్వడు. కుష్నర్ వ్యాఖ్యానం మీద నాకు అనుమానాలున్నాయి. ఆ పుస్తకాన్ని ఒక తండ్రికి ఇవ్వడానికి మాత్రం సందేహించను.

నిలదీయడం, మౌనం, ముఖం దాచుకున్న దేవుడు

వివరించడానికి నిరాకరించడం కూడా ఈ సంప్రదాయంలో ఒక సమాధానమే. ‘సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా?’ అని సొదొమ విషయంలో అబ్రాహాము బేరమాడాడు. దుష్టుల దారి ఎందుకు వర్ధిల్లుతోందని యిర్మీయా నిలదీశాడు. హసీదీ అనే యూదు భక్తి ఉద్యమంలో 18వ శతాబ్దపు గురువు, బెర్దిచెవ్ ఊరి లెవీ యిత్స్హాక్ దేవుడి మీద వ్యాజ్యం వేసి, తన ప్రజల ప్రవాసానికి ముగింపు వచ్చేదాకా ఈ చోటు నుంచి కదలనన్నాడని యూదులు ఇప్పటికీ పాడుకుంటారు. తిట్టడమూ సంబంధంలో భాగమే, తెంచుకోవడం కాదు. రామదాసు కారాగారంలో ‘ఎవడబ్బ సొమ్మని’ అని రాముణ్ణి దెప్పిన సంగతి తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకో కొసన రబ్బీ యన్నాయ్ మాట ఉంది: దుష్టుల నెమ్మదిని గాని నీతిమంతుల బాధలను గాని వివరించడం మన చేతిలో లేదు. దానికంటే భయపెట్టేది రబ్బీ అకీవా కథ. రోమన్లు ఇనుప దువ్వెనలతో ఆయన శరీరాన్ని చీల్చి చంపారు. ఆ మాంసాన్ని అంగడిలో తూచడం మోషేకు దర్శనంలో కనబడుతుంది. ‘ఇదా తోరా, ఇదా దాని ప్రతిఫలం?’ అని అడిగితే, ‘మాట్లాడకు, నా ఆలోచన అలా ఉంది’ అని దేవుడంటాడు. జవాబు లేదన్నదాన్ని ఇంత నగ్నంగా ఒప్పుకున్న మతగ్రంథాలు తక్కువ.

హోలోకాస్ట్ తర్వాత పాత సమాధానాలు చాలావరకు గొంతులో అడ్డంపడ్డాయి. ఎలియేజర్ బెర్కోవిత్స్ ద్వితీయోపదేశకాండంలోని ‘హెస్తేర్ పానీమ్’ అనే మాటను, అంటే దేవుడు ముఖం దాచుకోవడాన్ని, శిక్షగా కాక మనిషి స్వేచ్ఛకు చెల్లించే మూల్యంగా చదివాడు. రిచర్డ్ రూబెన్‌స్టైన్ చరిత్రను నడిపే దేవుణ్ణి ఇక నమ్మలేనని 1966లో రాశాడు. యూదుగా బతకడం మాత్రం మానలేదు. జోసెఫ్ సొలొవేయ్చిక్ 1956లో చేసిన ప్రసంగంలో ‘ఎందుకు’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి ‘ఇప్పుడు నేనేం చేయాలి’ అని అడగడమే యూదు పద్ధతి అన్నాడు.

వీరందరికంటే నన్ను నిలబెట్టేసినవాడు పియసెచ్నో రబ్బీ కలోనిముస్ షపిరా. 1939 సెప్టెంబరు బాంబు దాడుల్లో కొడుకునూ కోడలినీ పోగొట్టుకుని, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో దాదాపు మూడేళ్లు ప్రసంగాలు రాశాడు. బాధలు ఇంతకుముందూ ఉన్నాయి, ఇవీ అలాంటివేనని ఒకప్పుడు రాశాడు. 1942 చివర ఆ వాక్యం దగ్గరికే తిరిగొచ్చి, అది అప్పటివరకే చెల్లుతుందని, ఆ తర్వాత జరిగినదానికి సాటి ఏదీ లేదని దిద్దుకున్నాడు. దేవుడు లోపలి గదిలో ఒంటరిగా ఏడుస్తున్నాడన్న తల్ముద్ భావనను ఆయన చివరిదాకా పట్టుకున్నాడు. 1943లో నాజీలు ఆయన్ను చంపారు. భూమిలో పాతిపెట్టిన ఆ కాగితాలు యుద్ధం తర్వాత దొరికాయి. తన సమాధానం ఎంతవరకు పనిచేసిందో తేదీ వేసి మరీ రాసిపెట్టినవాడు ఆయన.

మరి మీకు ఏది?

కష్టం మీదే అయితే ముందుగా బెరాఖోత్ వరుసను అనుసరించవచ్చు. వెతికితే చేతికి దొరికే కారణం, అంటే అప్పు, అలవాటు, తెగిన సంబంధం వంటిది కనబడితే సరిచేసుకోండి. కేవలం అపరాధభావమే చిక్కితే అక్కడితో ఆపండి, యోబు మూడో అధ్యాయం నుంచి చదవండి. పిల్లలు అడిగినప్పుడు ‘దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు’ అనకండి, తమకూ దేవుడి ఇష్టం ఎక్కడ తగులుతుందోనని వారు భయపడతారు. శరీరాలకు జబ్బులొస్తాయి, నిచ్చెనలు పుచ్చిపోతాయి అన్న సమాధానమే వారికి నిజమైనది. వంతెన కూలితే, మందు కల్తీ అయితే, మైమొనిడీస్ రెండో రకాన్నీ ఆయన చెప్పిన సామూహిక ఆత్మపరీక్షనూ కలిపి వాడాలి, అక్కడ ‘విధి’ అన్న మాట దోషులకే మేలు చేస్తుంది. దేవుడి మీద నమ్మకమే పోయినవారిని వాదించి గెలవాలని చూడకండి, లెవీ యిత్స్హాక్ వ్యాజ్యంలో వారికీ చోటుంది.

చావు జరిగిన ఇంటికి మీరు పరామర్శకు వెళుతున్నట్టయితే ఈ సమాధానాల్లో ఏదీ వెంట తీసుకువెళ్లవద్దు. యూదుల ఏడు రోజుల సంతాపాన్ని ‘షివా’ అంటారు. మిత్రులు యోబుతో ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నారు కదా, వారు సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఆ ఘట్టాన్ని ఆధారం చేసుకునే, దుఃఖంలో ఉన్నవారు నోరు తెరిచేదాకా వచ్చినవారు మాట్లాడకూడదని నియమం పెట్టారు. సమాధి దగ్గర నుంచి రాగానే వారికి ఇరుగుపొరుగు పెట్టే భోజనంలో మసూరు పప్పు పెట్టడం పాత ఆచారం. ఆ గింజకు చీలిక లేదు, నోరు లేదు, దుఃఖితుడికీ నోరు లేదని దానికి కారణం చెబుతారు. ఏశావు జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న వంటకం కూడా అబ్రాహాము చనిపోయిన రోజున యాకోబు వండిన ఈ పప్పేనని రబ్బీలు అంటారు. మన పాత తెలుగు బైబిల్లో అది చిక్కుడుకాయల వంటకం అయింది గాని, మూలంలో ఉన్నది మసూరు.

ఎంతసేపు కూర్చోవాలన్నదానికీ తల్ముద్‌లో నియమం ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి తల ఊపితే, వచ్చినవారు ఇక అక్కడ కూర్చోకూడదు, లేచి వెళ్లిపోవాలి.